తెర మీద కార్‌చోబ్

మొఘల్‌పురాలో ఒక ఆడపిల్లల బడికి కంప్యూటర్ నేర్పే ఆడమనిషి కావాలంటున్నరని మా ఫ్యాక్టరీలో నా పక్క కుర్చీలో పనిచేసే ఆమె చెప్పింది. ఎనభైల నడుమ సంగతి. అది ఒక కమిటీ నడిపే ప్రైవేటు బడి. మగ మాస్టర్లు దొరుకుతున్నరు గాని, పెద్ద తరగతుల పిల్లలు పరదా పాటించేవాళ్లు కాబట్టి మగవాళ్లను క్లాసులోకి రానియ్యరు.

"వాళ్లకు ఇంజినీరు కావాలె గదా," అన్న.

"వాళ్లకు చీర కట్టుకున్న ఇంజినీరు కావాలె. అది దొరుకుతలేదు. ఇగ చీర కట్టుకున్న నువ్వు పో," అన్నది.

నేను సర్కారు ఫ్యాక్టరీలో పంచ్ ఆపరేటర్‌ను. వేరేవాళ్లు కాగితం మీద రాసిచ్చిన లెక్కలను చూస్తూ కీలు కొడితే, గట్టి అట్టకార్డుల మీద చిల్లులు పడేవి. ఆ చిల్లులను పెద్ద మిషన్ చదివి జీతాల పట్టీలు తీసేది. అంతవరకే నా పని. ఆ మిషన్ లోపల ఏం జరుగుతుందో నేర్చుకోవాలని ఆశ ఉండేది గాని, నేర్పేవాళ్లు లేరు.

అసలు నేను అక్షరాలు దిద్దిందే ఇద్దరు పిల్లలు పుట్టినంక. మా ఆయన రైల్వేలో పనిచేసేవాడు, యాకుత్‌పురా స్టేషన్ పక్కన మా ఇల్లు. మా వెనక వాటాలో బెజవాడ నుంచి వచ్చిన ఒక గుమస్తా భార్య తన కొడుకుకు పలక మీద రాయిస్తూ, పక్కన కూర్చున్న నాకూ ఒక పలక ఇచ్చింది. ఆ పిల్లవాడు నాకంటె ముందే గుణింతాలు దాటిపోయిండు. తర్వాత ఏడో తరగతి, మెట్రిక్ ప్రైవేటుగా కట్టిన. టైపు నేర్చుకున్న. ఇంగ్లీషు అక్షరాలు నాకు ఏ, బీ, సీ వరుసలో రాలేదు. టైపు మిషన్ మీద వేళ్ల కింద ఏ వరుసలో ఉన్నయో ఆ వరుసలో వచ్చినయి. ఇప్పటికీ డిక్షనరీలో మాట వెతకాలంటే కొంచెం ఆగి ఆలోచించుకుంట.

బడి పెద్దావిడను అందరూ బడీ ఆపా, అంటే పెద్దక్క, అనేవాళ్లు. తెల్ల దుపట్టా, పొడుగు చేతుల కుర్తా, వెన్ను నిటారుగా పెట్టి కూర్చునే మనిషి. నేను ఆమెకు ఉన్న మాట చెప్పిన. చిన్నప్పుడు బడి మొహం చూడలేదని, ఈ చిన్న కంప్యూటర్‌ను ఎన్నడూ ముట్టుకోలేదని.

"ఆ మాట పిల్లల ముందర చెప్తవా?" అని అడిగింది.

"అడిగితే చెప్త ఆపా."

"అడగకున్నా చెప్పు," అన్నది. నా ఉద్యోగం అట్ల కుదిరింది. ఫ్యాక్టరీలో పొద్దటి షిఫ్టు చేసుకొని, వారంలో కొన్ని మధ్యాహ్నాలు బడికి పోవాలి.

బడి ఒక పాత హవేలీలో నడిచేది. నడుమ వాకిలి, చుట్టూ గదులు. వీధి వైపు ఉన్న దివాన్‌ఖానాలో, వెనకటికి మగ చుట్టాలు కూర్చునే గదిలో, కంప్యూటర్ పెట్టిన్రు. కమిటీలో ఒకాయన చుట్టం బయటి దేశం నుంచి తెచ్చి ఇచ్చిందంట అది. చూస్తే ఉత్త కీల పెట్టె. దాన్ని ఒక టీవీకి తగిలించాలి. రాసింది దాచుకోవడానికి పాటలు వినే టేప్‌రికార్డరే. కరెంటు పోయిందంటే, టేపులోకి ఎక్కించని రాత అంతా పోయినట్టే.

ఇంకో సంగతి మొదటి రోజే బడీ ఆపా చెప్పింది. ఆ కంప్యూటర్ నిజానికి అదే కమిటీ నడిపే మగపిల్లల బడి కోసం వచ్చింది. ఆ బడి కప్పు కారుతున్నదని, బాగయ్యేదాకా ఇక్కడ పెట్టిన్రు. "ఇప్పుడు కప్పు బాగైతున్నది. ఆడపిల్లలు దీంతో ఏం చేసుకుంటరు అని కమిటీల ఒకాయన అంటున్నడు. చేసుకుంటరని మనం చూపియ్యాలె. లేకుంటే పోతది."

ఆ మాట అంటున్నాయన కొలువు చాలించుకున్న ఇంజినీరు. అందరూ ఇంజినీర్ సాబ్ అనేవాళ్లు.

మొదటి నెలల్లో నేను పిల్లలకంటె ఒక పాఠం ముందు ఉండేదాన్ని, అంతే. కంప్యూటర్‌తో వచ్చిన పుస్తకాన్ని బస్సులో ఒక్కొక్క పంక్తీ వేలు పెట్టి చదువుకొని వచ్చేదాన్ని. పిల్లలు తొమ్మిది, పది తరగతులవాళ్లు. నాతో ఉర్దూలో మాట్లాడేవాళ్లు, నేను తెలుగు కలిసిన ఉర్దూలో జవాబు చెప్పేదాన్ని. ఇక్కడ అవన్నీ తెలుగులోనే రాస్తున్న. చెప్పులు గుమ్మం బయట విడిచి, తివాచీ మీద కూర్చొని, కాపీలలో, అంటే నోటుబుక్కులలో, రాసుకొని, వంతు వచ్చినప్పుడు లేచి పోయి కీలు కొట్టేవాళ్లు. కూడికలు చేయించిన, ఎక్కాలు రాయించిన. ఎక్కాల దగ్గర వాళ్లకు విసుగొచ్చింది.

"ఎక్కాలు మాకు వచ్చు టీచర్. దీనికి నేర్పుడు ఎందుకు?" అన్నది కళ్లద్దాల పిల్ల. పదో తరగతి. క్లాసులో అందరికంటె తెలివైనది, ఆ సంగతి ఆమెకు కూడా తెలుసు.

"మరి ఏం నేర్పుదాం?"

"దుపట్టా డిజైన్ వస్తదా దీంట్ల?" అని వెనక నుంచి ఒక సన్నటి గొంతు. తొమ్మిదో తరగతి పిల్ల, వయసుకు చిన్నగా కనిపించేది. అందరూ ఛోటీ అనేవాళ్లు.

ఆ పిల్లల్లో సగం మంది ఇండ్లలో జరీ పని నడిచేది. కార్‌చోబ్ అంటే మంచమంత కట్టె చట్రం. దాని మీద బట్టను బిగించి కట్టి, చుట్టూ నలుగురైదుగురు కూర్చొని జరీ దారంతో పూలు, తీగెలు కుడతారు. చార్మినార్ కాడ దుకాణాల్లో అమ్మే పెండ్లి దుపట్టాలు చాలామటుకు అట్ల ఇండ్లల్లో తయారైనవే. వీళ్లు బడి నుంచి పోయి ఆ చట్రం ముందర కూర్చునేవాళ్లు.

దుపట్టా డిజైన్ వస్తుందో రాదో నాకు తెలియదు. తెలియదనే చెప్పిన. కాని తెర మీద ఏ వరుసలో, ఎన్నో గడిలో చుక్క పెట్టమంటే అక్కడ చుక్క పెడుతుందని తెలుసు. గళ్ల కాగితం తెప్పించి, దుపట్టా వేసుకొమ్మన్న. నాలుగు మూలల నాలుగు పూలు, అంచు పొడుగునా మామిడి పిందెలు. ఆ కంప్యూటర్ భాషలో మనం రాసే ప్రతి పంక్తికీ ముందు ఒక నంబరు ఉంటుంది. వంద నంబరు నుంచి ఒకరు, రెండు వందల నంబరు నుంచి ఒకరు, అట్ల వాళ్లే పంచుకున్నరు. ఎవరి మూల వాళ్లు రాసుకున్నరు. అందరివీ కలిపి కొట్టి నడిపించిన రోజు, నల్లటి తెర మీద చుక్క చుక్కగా దుపట్టా పరుచుకుంటుంటే పిల్లలు చప్పుడు చేయకుండా చూసిన్రు. ఆయా పని చేసే బువా కూడా చీపురు పట్టుకొని వచ్చి నిలబడి, "జరీ లేని దుపట్టా ఎంత బీదగున్నది," అని పోయింది.

ఇంజినీర్ సాబ్ చూడడానికి వచ్చింది రంజాన్ నెలకు కొంచెం ముందు. షేర్వానీ వేసుకున్న ముసలాయన, మాట మెత్తగానే ఉండేది. ఆయన వచ్చినప్పుడు పిల్లలు దుపట్టాలు తల మీదికి లాక్కొని గోడ పక్కకు జరిగి కూర్చున్నరు. తెర మీద డిజైన్ చూసి ఆయన తల ఊపిండు. నా పాణం కుదుటపడ్డది. అప్పుడు ఆయన, దగ్గర్లో కూర్చున్న ఛోటీని చూసి, "బేటీ, కింద ఎడమ మూలకున్న పువ్వును జర పెద్దగ చేసి చూపియ్యి," అన్నడు.

ఛోటీ లేవలేదు. "అది నా మూల కాదు సాబ్."

"నీ మూల కాకపోతే?"

"అది ఆమెది. ఆమె ఇయ్యాల రాలేదు." కళ్లద్దాల పిల్లకు ఆ రోజు జ్వరం.

ఆయన ఇంకో పిల్లను అడిగిండు. ఆ పిల్ల కూడా అదే మాట. ఇంకో పిల్ల, "నా మూల పైన కుడివైపు సాబ్, అది అడగండి, చేస్త," అన్నది. ఆ గదిలో ఎవ్వరూ ఆ పువ్వును ముట్టుకోలేదు. నేను లేవబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టిండు.

వాకిట్లోకి వచ్చినంక బడీ ఆపాతో అన్నడు. "మగపిల్లల బడిల ఒక పిల్లగాడు ఉన్నడు. కంప్యూటర్ లేకున్నా, పుస్తకం చూసి మొత్తం కాగితం మీద తానే రాసి తెచ్చిండు. వీళ్లు బట్టీ పట్టిన్రు ఆపా. ఎవరి ముక్క వాళ్లు. పండుగ అయినంక మళ్లొస్త. ఏ పిల్లను ఏది అడిగినా చెప్పాలె. చెప్పకుంటే మిషన్‌ను అటు పంపుదాం."

నాకు కోపం రాలేదు. ఆయన అన్నది నిజమే అనిపించింది. కాని వాళ్లది బట్టీ కాదని కూడా నాకు తెలుసు. ఎవరి మూలను వాళ్లు సొంతంగా ఆలోచించి రాసిన్రు. అయితే పక్కదాన్ని ఎందుకు ముట్టుకోరు అన్నది నాకు అర్థం కాలేదు.

రంజాన్ మొదలైంది. బడి పొద్దుటి పూటకు మారితే, నేను ఫ్యాక్టరీలో షిఫ్టు మార్పించుకున్న. పండుగ ముందు జరీ పనికి గిరాకీ ఎక్కువ. పిల్లలు ఉపవాసాలతో, ఇంట్ల పనితో వాడిపోయిన మొహాలతో వచ్చేవాళ్లు. ఛోటీ వేలి కొసలు సూది పోట్లతో గరుకుగా ఉండేవి, కీలు కొడుతుంటే ఊదుకునేది.

"ఇయ్యాల ఎవరి మూల వాళ్లు కాదు, పక్కామె మూల రాయాలె," అన్న ఒక పొద్దున.

ఎవరూ కదలలేదు. కళ్లద్దాల పిల్ల జ్వరం తగ్గి వచ్చింది గాని, జరిగినదానికి కొంచెం ముడుచుకొని ఉన్నది. "నా పువ్వును ఆమె ముట్టుకుంటే చెడగొడ్తది టీచర్," అన్నది.

"ముట్టుకుంట అన్ననా నేను?" అన్నది ఛోటీ. "నీ వంకర పువ్వు నాకెందుకు?"

"వంకరనా? నీ మామిడి పిందెలు చూసుకో ముందు. వంకాయల లెక్క ఉన్నయి."

"వంకాయలైతే కూర వండుకుంటం. నీ పువ్వు దేనికి పనికొస్తది?"

అందరూ నవ్విన్రు. లొల్లి సద్దుమణిగినంక, ఇంజినీర్ సాబ్ అడిగినప్పుడు ఎందుకు లేవలేదని ఛోటీని నెమ్మదిగా అడిగిన. ఆ పిల్ల నన్ను వింతగా చూసింది, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు.

"ఒకరి మూలల ఇంకొకరు చెయ్యి పెట్టొద్దు టీచర్. ఒక్కొక్కరు దారం ఒక్కొక్క తీరుగ గుంజుతరు. మా అమ్మ గట్టిగ గుంజుతది, నాది వదులు. ఒక్క పువ్వుల రెండు చేతులు పడ్డయంటే బట్ట ముడుసుకపోతది. దుకాణం సేఠ్ వేలు పెట్టి చూసి వాపస్ చేస్తడు. అందుకే ఎవరన్న లేకుంటే ఆమె మూల అట్లనే ఉంచుతం. ఆమె వచ్చి కుట్టుకుంటది."

అన్నేండ్లు పాతబస్తీలో ఉండి కూడా ఈ సంగతి నాకు తెలియదు. వాళ్లు మర్యాద పాటించిన్రు. తెర మీది దుపట్టా వాళ్లకు కార్‌చోబ్ మీది దుపట్టాయే. దాన్ని తప్పని ఎట్ల చెప్పాలో తోచలేదు. ఒకరి పనిలో చెయ్యి పెట్టొద్దని నాకు కూడా ఫ్యాక్టరీలో నేర్పిన్రు మరి.

తర్వాతి క్లాసుకు మా ఆఫీసర్‌ను అడిగి, పారేసే పంచ్ కార్డులు ఒక కట్ట తీసుకపోయిన. వేరే ఉద్దేశమేం లేదు. పెద్ద మిషన్లకు మనం చెప్పేది ఇట్ల చెప్తమని చూపిద్దామని. కార్డులు చేతులు మారినయి. కొందరు విసురుకున్నరు, ఉక్కపోతగా ఉన్నది ఆ రోజు. ఛోటీ మాత్రం ఒక కార్డును కిటికీ వెలుగుకు పట్టి చూసింది.

"ఖాకా లెక్కున్నది టీచర్."

"ఖాకా అంటే ఏంది?"

ఒక్కసారి నలుగురు చెప్పబోయిన్రు. పల్చటి కాగితం మీద డిజైన్ గీసి, గీత పొడుగునా సూదితో చిల్లులు పొడుస్తరు. దాన్ని బట్ట మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన పొడిని గుడ్డతో రుద్దితే చిల్లుల గుండా చుక్కలు దిగుతయి. ఆ చుక్కల మీద కుట్టుకుంటూ పోతరు.

"మరి ఆ కాగితం ఎవరిది?" అని అడిగిన.

"ఖాకా ఎవరిదీ కాదు," అన్నది ఛోటీ. "కార్ఖానాది. ఎవరన్న రుద్దొచ్చు. చిల్లు పూడుకపోతే ఎవరన్న పొడవొచ్చు. ఒకసారి మా చిన్నమ్మ తీగెను తిప్పి గీసింది, ఎవ్వరేమనలేదు."

కళ్లద్దాల పిల్ల చేతిలో కార్డు పక్కకు పెట్టింది. ఒళ్లో ఉన్న తన కాపీని చూసుకున్నది. అందులో ఆమె పువ్వు పంక్తులు, నంబర్లతో సహా.

"అయితే మేం రాసింది ఖాకానే గదా," అన్నది నెమ్మదిగా. "టీవీల కుట్టేది మిషన్. మేం కుడ్తలేం."

అందరూ తమ తమ కాపీల వంక చూసుకున్నరు.

"అయితే నీ పువ్వు ఇటియ్యి," అన్నది ఛోటీ.

"గుంజకు, ఇస్త."

"చెడగొడ్త అని అంటివి గదా?"

"చెడగొడ్తే మళ్ల రాస్త. దారం పోతదా, జరీ పోతదా?"

ఆ నెలంతా కాపీలు చేతులు మారినయి. పక్కామె రాసింది చదవడం తాము రాసినదానికంటె కష్టమని వాళ్లకు తెలిసొచ్చింది. "ఇక్కడ ఏడు ఎందుకు పెట్టినవ్?" అంటే, "అట్లనే కుదిరింది," అని జవాబు. "కుదిరింది అంటే నేను ఇంజినీర్ సాబ్‌కు ఏం చెప్పాలె? అల్లా కుదిర్చిండని చెప్పాలెనా?" అని గొడవ. ఆ ఏడు ఎందుకో రాసినామె కూర్చొని లెక్కేసి చెప్పేదాకా వదిలిపెట్టేవాళ్లు కాదు. నాకు తెలియనివి కూడా ఆ గొడవల్లో తెలిసినయి. ఒక పిల్లకు మాత్రం పండుగ వచ్చినా అర్థం కాలేదు. ఆ పిల్ల రోజూ వచ్చి, రోజూ విని, రోజూ తల అడ్డం ఊపి పోయేది.

పండుగ అయిన వారానికి ఇంజినీర్ సాబ్ వచ్చిండు. బువా ఆయన ముందు చాయ్, షీర్‌ఖుర్మా పెట్టింది. ఆయన కుర్చీని పిల్లల వైపు తిప్పుకొని, గుర్తుపెట్టుకున్నట్టు ఛోటీనే పిలిచిండు.

"ఆ మూల నీదేనా బేటీ ఇప్పుడు?"

"నాది కాదు సాబ్. చేస్త."

"పువ్వును పెద్దగ చెయ్యి."

ఛోటీ కీల ముందర కూర్చున్నది. పంక్తిని పిలిచి, నంబర్లు మార్చి, నడిపించింది. పువ్వు పెద్దగయింది. కాని ఎడమ వైపు రేకులు తెర అంచు దాటిపోయి, సగం తెగి, కుడి అంచున తేలినయి. దుపట్టా చినిగినట్టు కనపడ్డది.

కళ్లద్దాల పిల్ల ముందుకు వంగింది. "నా రెండో పంక్తిల..."

"నువ్వు చెప్పొద్దు," అన్నడు ఆయన.

వీధిలో గాజులమ్మేవాడు అరుచుకుంటూ పోతున్నడు. ఛోటీ కాపీ తీసి, పంక్తి పంక్తికీ వేలు జరుపుకుంటూ, పెదవులు కదుపుకుంటూ చదివింది. నేను బస్సులో చదువుకునే తీరు అది. వేలు ఒకచోట ఆగింది, వెనక్కి పోయింది, మళ్ల అక్కడికే వచ్చింది. ఆయన చాయ్ మీద మీగడ కట్టింది. చివరికి ఆ పిల్ల కాపీ కింద పెట్టి, ఒక్క పంక్తిలో ఒక్క నంబరు మార్చింది.

పువ్వు అంచు లోపలికి వచ్చి కూర్చున్నది.

"ఏం చేసినవ్?" అని అడిగిండు ఆయన.

"పువ్వు నడిమిని లోపలికి జరిపిన సాబ్. రేకులు పెద్దగైతే నడిమి కూడా జరగాలె. ఆమె చిన్న పువ్వుకు రాసింది గదా, అందుకని ఆమెది తప్పు కాదు."

ఆయన ఇంకొందరిని అడిగిండు. ఇద్దరు బాగా చెప్పిన్రు. ఒకామె తడబడి కూర్చున్నది. రోజూ తల అడ్డం ఊపే పిల్లను ఆయన అడగకపోవడం మా అదృష్టం.

పోయేటప్పుడు వాకిట్లో, బడీ ఆపా ఎదుట నిలబడి చేతికర్ర ఆనించుకున్నడు. దివాన్‌ఖానా తలుపు తెర వెనక పిల్లలందరూ చేరిన్రు, వాళ్ల పాదాలు తెర కింద కనపడుతున్నయి.

"వీళ్లకు వస్తున్నది," అన్నడు. "నేను కాదనను. కాని అక్కడ కప్పు బాగైంది. ఆ పిల్లలు రోజూ నా పాణం తింటున్నరు. వాళ్లను ఇక్కడికి పంపలేను, వీళ్లను అక్కడికి పంపలేను. మూడు రోజులు ఇక్కడ, మూడు రోజులు అక్కడ పెడదాం."

"రిక్షాల అటూ ఇటూ తిప్పుతే ఖరాబ్ అయితది," అన్నది బడీ ఆపా.

"అయితే కమిటీ బాగు చేయిస్తది."

"ఆ మాట బువా కూడా విన్నది. యాదికి పెట్టుకోండి."

ఆయన నవ్వుకుంటూ పోయిండు. తెర వెనక పెద్ద లొల్లి. సగం మిషన్ ఏందని ఒకామె, మగపిల్లలు కీలు ఊడగొడతరని ఒకామె. కళ్లద్దాల పిల్లకు కండ్లల్ల నీళ్లొచ్చినయి. ఆమెది పదో తరగతి. ఆమెకు మిగిలిందే కొన్ని నెలలు, అందులో సగం పోయింది. మొత్తం పోలేదు గదా అని మాత్రం అన్న. ఆమె కళ్లద్దాలు తుడుచుకున్నది, ఒప్పుకోలేదు.

మొదటిసారి మిషన్ పోయిన రోజు నేను అక్కడే ఉన్న. కీల పెట్టెను దుప్పట్ల చుట్టి రిక్షాలో పెట్టిన్రు. టీవీని బువా ఒళ్లో పెట్టుకొని, చంటిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులు వేసి కూర్చున్నది. పిల్లలు తలుపు సందు నుంచి రిక్షా ఆయనకు ఒకటే చెప్పుడు. "భాయ్, నాలా కాడ రాళ్లున్నయి, దిగి నడిపించు." "భాయ్, బ్రేకు చూసి కొట్టు." ఆయన విసుగుతో, "పెండ్లికూతురును తోలుకపోయినా ఇంత ఫికర్ చెయ్యరు గదమ్మా," అని తొక్కుకుంటూ పోయిండు.

దివాన్‌ఖానాలోకి వస్తే బల్ల ఖాళీగా ఉన్నది, టీవీ ఉన్నచోట దుమ్ము లేని నలుపలకల జాగా. ఇయ్యాల ఇంటికి పొమ్మందామా అనుకున్న. అంతలో కళ్లద్దాల పిల్ల గళ్ల కాగితాలు నాలుగు అతికించి తివాచీ మీద పరిచింది. నడిమికి ఒక పెద్ద పువ్వు కావాలంట. దుపట్టా నడుమ ఖాళీగా ఉన్నదని బువా అన్నదంట. ఒక్కొక్కరు వచ్చి కాగితం చుట్టూ కూర్చున్నరు. ఛోటీ ఆలస్యంగా వచ్చి, కళ్లద్దాల పిల్ల కూర్చున్న వైపు నిలబడ్డది.

"జరుగు," అన్నది.

ఆమె తలెత్తకుండానే జరిగి, పెన్సిల్ కూడా ఇచ్చింది.